ఒక ఇల్లు, ఒక కోర్టు కేసు, ఒక నాటకం: లొరైన్ హాన్స్‌బెరీ జీవిత కథ

చేతిలో డబ్బుంటే ఎక్కడైనా ఇల్లు కొనుక్కోవచ్చని అనుకుంటాం. 1937లో అమెరికాలోని షికాగో నగరంలో కార్ల్ హాన్స్‌బెరీ అనే నల్లజాతి వ్యాపారి దగ్గర డబ్బుంది, నడుస్తున్న వ్యాపారముంది, ఊళ్లో మంచి పేరుంది. సౌత్ రోడ్స్ అవెన్యూలో 6140 నంబరు ఇల్లు కొని భార్యాపిల్లలతో దిగాడు. చుట్టుపక్కల ఉన్నది తెల్లవాళ్లు. కొద్ది రోజులకే ఇంటి ముందు గుంపు చేరింది. బయటి నుంచి విసిరిన సిమెంటు పెళ్ల ఒకటి కిటికీ అద్దాన్ని పగలగొట్టుకుని లోపలికి దూసుకొచ్చింది. లోపలున్న చిన్న పిల్లకు వెంట్రుకవాసిలో తప్పింది.

ఆ పిల్ల పేరు లొరైన్. 22 ఏళ్ల తర్వాత, 1959 మార్చి 11న, ఆమె రాసిన ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ నాటకం న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే వేదికెక్కింది. బ్రాడ్‌వేలో ఒక నల్లజాతి మహిళ రాసిన నాటకం ఆడడం అదే మొదటిసారి. ఇప్పుడు అమెరికా బడుల్లో, కాలేజీల్లో దాన్ని పాఠంగా చెబుతున్నారు. కథ చాలా చిన్నది. ఒక పేద కుటుంబం తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొనాలనుకుంటుంది, అంతే. కానీ ఆ చిన్న కోరిక వెనక అర్ధ శతాబ్దపు చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియాలంటే లొరైన్ జీవితం తెలియాలి.

దక్షిణం నుంచి వచ్చిన జనం

లొరైన్ 1930 మే 19న షికాగో దక్షిణ భాగంలో పుట్టింది. నలుగురు పిల్లల్లో ఆఖరిది. తండ్రి కార్ల్ మిసిసిపీ రాష్ట్రం నుంచి, తల్లి నాన్నీ టెనెసీ నుంచి వచ్చినవాళ్లు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. తల్లి టీచరుగా పనిచేసింది, రాజకీయాల్లోనూ తిరిగింది. తండ్రి ఇళ్ల క్రయవిక్రయాలు చేసేవాడు. నల్లవాళ్లకు అప్పులివ్వడానికి ఒక బ్యాంకు కూడా పెట్టాడు.

వాళ్లొక్కరే కాదు, అప్పట్లో లక్షల మంది నల్లజాతి జనం దక్షిణాది రాష్ట్రాలు వదిలి ఉత్తరాది నగరాలకు కదిలారు. బానిసత్వం 1865లో చట్టం ప్రకారం పోయినా, దక్షిణాన కౌలు అప్పులు, వేరు బడులు, వేరు బస్సు సీట్లు, చెట్టుకు ఉరితీసి చంపడాలు ఆగలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఉత్తరాది ఫ్యాక్టరీలకు కూలీలు కావలసి వచ్చారు. షికాగోలో మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీలు, ఉక్కు మిల్లులు, రైల్వే యార్డులు పిలిచాయి. అలా మొదలైన వలస 1970 దాకా సాగింది. మొత్తం 60 లక్షల మంది దాకా ఇల్లూ వాకిలీ వదిలి వచ్చారని చరిత్రకారులు అంటారు. షికాగోలో 1910లో నల్లవాళ్లు 44 వేల మంది. 1940 నాటికి దాదాపు 2 లక్షల 78 వేలు. 1960 నాటికి 8 లక్షలు దాటారు.

జనం పెరిగారు గానీ వాళ్లుండే జాగా పెరగలేదు. నగరం దక్షిణాన సన్నటి పట్టీలాంటి ప్రాంతంలోనే వాళ్లంతా ఇరుక్కుని బతకాల్సి వచ్చింది. ఆ గీత దాటితే ఏమవుతుందో 1919 జులైలో ఊరంతా చూసింది. మిషిగన్ సరస్సులో ఈదుతున్న ఒక నల్లజాతి కుర్రాడు తెల్లవాళ్ల వైపుగా భావించే నీళ్లలోకి కొట్టుకొచ్చాడు. ఒడ్డున ఉన్న ఒక తెల్లవాడు రాళ్లు విసిరాడు. కుర్రాడు మునిగి చనిపోయాడు. తర్వాత చెలరేగిన అల్లర్లలో 38 మంది చనిపోయారు, వాళ్లలో 23 మంది నల్లవాళ్లు. 500 మందికి పైగా గాయపడ్డారు. దాదాపు వెయ్యి నల్లజాతి కుటుంబాలకు గూడు లేకుండా పోయింది.

కాగితం మీద కట్టిన గోడ

గుంపులు, రాళ్లు కంటికి కనబడతాయి. కామర్స్ చదివిన నాకు ఈ కథలో అన్నిటికన్నా భయం పుట్టించింది మాత్రం కాగితాలు.

నల్లవాళ్లు ఫలానా వీధిలో ఉండకూడదని నగర పాలక సంస్థలు చట్టం చేయడం కుదరదని 1917లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో ఇళ్ల యజమానులు, రియల్ ఎస్టేట్ వ్యాపారులు వేరే దారి వెతికారు. ఒక వీధిలోని యజమానులంతా కలిసి ఒప్పంద పత్రం రాసుకునేవాళ్లు. మా ఇళ్లు నల్లవాళ్లకు అమ్మం, అద్దెకివ్వం అని అందులో సంతకాలు పెట్టేవాళ్లు. ఆ పత్రం రిజిస్టర్ అయ్యేది. ఇల్లు చేతులు మారినా షరతు మాత్రం ఇంటిని అంటిపెట్టుకునే ఉండేది. ఎవరైనా ఉల్లంఘించి అమ్మితే, పక్కింటివాళ్లు కోర్టుకెళ్లి కొన్నవాళ్లను ఖాళీ చేయించవచ్చు. ఇది ప్రైవేటు మనుషుల మధ్య ఒప్పందం, ప్రభుత్వం చేసింది కాదు గనక చెల్లుతుందని 1926లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మరుసటి ఏడాది షికాగో రియల్ ఎస్టేట్ బోర్డు ఇలాంటి పత్రానికి ఒక నమూనా కూడా తయారుచేసి పెట్టింది. పేర్లు, వీధి నంబర్లు నింపుకుంటే చాలు.

దీని ఫలితం లెక్కల పుస్తకంలో చెప్పినట్టే వచ్చింది. సరఫరా తక్కువ, గిరాకీ ఎక్కువ. నల్లవాళ్ల పేటలో పాత ఇళ్లకు కూడా అద్దెలు మండిపోయేవి. పెద్ద ఫ్లాటును ముక్కలు చేసి, ఒక్కో గదిలో చిన్న పొయ్యి పెట్టి, ఒక్కో కుటుంబానికి అద్దెకిచ్చేవాళ్లు. వాటిని కిచెనెట్లు అనేవాళ్లు. అంతస్తు మొత్తానికీ ఒకే బాత్‌రూమ్.

ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. లొరైన్ తండ్రి కార్ల్ సంపాదన కూడా ఎక్కువగా ఈ కిచెనెట్ల మీదే వచ్చింది. షికాగోలో ఆయన్ను కిచెనెట్ల రాజు అని పిలిచేవాళ్లు. తలదాచుకునే చోటు దొరకని వాళ్లకు ఆయన గది చూపించాడు, నిజమే. ఆ ఇరుకు నుంచే లాభమూ తీశాడు, అదీ నిజమే. లొరైన్ కలిగినింటి పిల్లగా పెరిగింది, కానీ చుట్టూ ఉన్న పిల్లలంతా పేదవాళ్లు. బడికి వెళ్తే వాళ్లతోనే స్నేహం. తన ఇంటి సంపదకూ వాళ్ల ఇంటి పేదరికానికీ మధ్య ఉన్న లింకు ఆమెకు చిన్నప్పుడే అర్థమైంది. అందుకే నాటకం రాసేటప్పుడు తనలాంటి కలిగిన కుటుంబాన్ని తీసుకోలేదు. కిచెనెట్‌లో బతికే కుటుంబాన్ని తీసుకుంది.

మూడేళ్ల కోర్టు పోరాటం

కార్ల్ తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొనడం ఏమరపాటున జరిగింది కాదు. ఒప్పంద పత్రాల మీద కోర్టులో తేల్చుకోవాలనే పట్టుదలతోనే కొన్నాడు. నల్లజాతి వాళ్లు నడిపే ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఇంటి రుణం విషయంలో సాయం చేసింది. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ తోడు నిలిచింది. అర్ల్ డికర్సన్ లాంటి పేరున్న నల్లజాతి లాయర్లు వాదించారు.

అనుకున్నట్టే పక్కింటివాళ్లు కేసు వేశారు. ఇల్లినాయ్ రాష్ట్ర కోర్టులు హాన్స్‌బెరీ కుటుంబం ఖాళీ చేయాల్సిందేనని తీర్పిచ్చాయి. కేసు సుప్రీంకోర్టుకెళ్లింది.

ఈ రోజుల్లో తండ్రి పని ఎక్కువగా కోర్టుల దగ్గర. ఇంట్లో తల్లి నాన్నీ నలుగురు పిల్లలను కాచుకోవాలి. గుండ్లు నింపిన పిస్తోలు చేత్తో పట్టుకుని రాత్రంతా ఇంట్లో కాపలా తిరిగేదని లొరైన్ పెద్దయ్యాక రాసింది. బడికి వెళ్లి వచ్చే దారిలో తిట్లు, ఉమ్ములు, దెబ్బలు ఆ పిల్లకు రోజువారీ అనుభవం. కోర్టులో లాయర్లు పెద్ద పెద్ద సెక్షన్లు మాట్లాడుతుంటే, ఆ పోరాటం అసలు బరువు ఒక తల్లి మీద, బడికెళ్లే పిల్లల మీద పడింది. చరిత్ర పుస్తకాల్లో తండ్రి పేరుంటుంది. తల్లి కాపలా కూతురు రాయబట్టే మనకు తెలిసింది.

1940 నవంబర్ 12న సుప్రీంకోర్టు హాన్స్‌బెరీలకు అనుకూలంగా తీర్పు చెప్పింది. కారణం మాత్రం ఆసక్తిగా ఉంటుంది. వీధి పొడవులో 95 శాతం స్థలానికి యజమానులు సంతకం చేస్తేనే ఆ ఒప్పందం అమల్లోకి వస్తుందని పత్రంలోనే రాసి ఉంది. నిజానికి సంతకాలు 54 శాతానికి మించలేదు. కానీ అంతకుముందు నడిచిన వేరే కేసులో 95 శాతం పూర్తయిందని ఇరుపక్షాలూ ఒప్పేసుకున్నాయి. ఆ తీర్పు మీకూ వర్తిస్తుందని హాన్స్‌బెరీల మీద రుద్దారు. తమ తరఫున ఎవరూ సరిగా వాదించని కేసులో వచ్చిన తీర్పును తర్వాత వచ్చినవాళ్ల మీద రుద్దడం న్యాయం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. సామూహిక దావాల గురించి చెప్పేటప్పుడు అమెరికా లా కాలేజీల్లో ఈ కేసును ఇప్పటికీ పాఠంగా చెబుతారు.

అంటే ఇల్లు దక్కింది. ఆ చుట్టుపక్కల దాదాపు 30 బ్లాకులు నల్లవాళ్లకు తెరుచుకున్నాయి. కానీ జాతిని బట్టి ఇల్లు నిరాకరించే ఒప్పందాలు తప్పని మాత్రం కోర్టు అనలేదు. ఆ మాట కోసం ఇంకో 8 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. 1948లో వేరే కేసులో, అలాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయించకూడదని సుప్రీంకోర్టు తేల్చింది.

అది చూడడానికి కార్ల్ లేడు. గెలిచిన తర్వాత కూడా మార్పు రాకపోవడం చూసి ఆయన మనసు విరిగింది. అమెరికా వదిలేసి కుటుంబాన్ని మెక్సికోకు తీసుకెళ్లాలని అక్కడ ఇల్లు కూడా కొన్నాడు. 1946లో అక్కడే మెదడులో రక్తస్రావమై చనిపోయాడు. వయసు 50. అప్పటికి లొరైన్‌కు పదహారేళ్లు కూడా నిండలేదు. ఈ దేశపు జాతి ద్వేషమే తండ్రిని త్వరగా చంపిందని ఆమె జీవితాంతం నమ్మింది.

న్యూయార్క్, పత్రిక ఉద్యోగం

1948లో లొరైన్ విస్కాన్సిన్ యూనివర్సిటీలో చేరింది. అక్కడ ఐరిష్ రచయిత షాన్ ఓకేసీ నాటకం చూసింది. ఐర్లాండ్ పేదల బాధ వాళ్ల యాసలోనే, వాళ్ల ఇంటి గొడవల్లోనే ఎలా పలికిందో చూసి, తన వాళ్ల గురించి కూడా ఇలాగే రాయొచ్చని అనుకుంది. రెండేళ్లకే చదువు ఆపేసి 1950లో న్యూయార్క్ వెళ్లింది.

అక్కడ ప్రఖ్యాత గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్ పెట్టిన ‘ఫ్రీడమ్’ అనే పత్రికలో పనికి కుదిరింది. రోబ్సన్, చరిత్రకారుడు డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్ చిన్నప్పుడు ఆమె ఇంటికి అతిథులుగా వచ్చినవాళ్లే. పెదనాన్న విలియం లియో హాన్స్‌బెరీ హోవర్డ్ యూనివర్సిటీలో ఆఫ్రికా చరిత్ర ప్రొఫెసర్. అందువల్ల ఆఫ్రికా దేశాల స్వాతంత్ర్య పోరాటాలు ఆమెకు పరాయి వార్తలు కావు. పత్రికలో టైపింగ్ నుంచి రిపోర్టింగ్ దాకా అన్నీ చేసింది. రోబ్సన్ పాస్‌పోర్టును ప్రభుత్వం అప్పటికే లాగేసుకుని ఉండడంతో, 1952లో ఉరుగ్వేలో జరిగిన శాంతి సభకు ఆయన బదులు తనే వెళ్లింది.

1953లో రాబర్ట్ నెమిరాఫ్ అనే యూదు యువకుడిని పెళ్లి చేసుకుంది. ఇద్దరూ కలుసుకున్నది జాతి వివక్షకు వ్యతిరేకంగా జరిగిన ఒక నిరసనలో. పెళ్లయిన కొత్తలో ఆమె హోటల్లో వెయిట్రెస్‌గా, క్యాషియర్‌గా చిన్న చిన్న ఉద్యోగాలు చేసింది. 1956లో నెమిరాఫ్ ఒక మిత్రుడితో కలిసి రాసిన పాట హిట్టయి చేతిలో డబ్బు ఆడింది. ఆ ధైర్యంతో లొరైన్ ఉద్యోగం మానేసి నాటకం రాయడానికి కూర్చుంది. ఇద్దరూ తర్వాత విడిపోయి 1964లో విడాకులు తీసుకున్నా, ఆమె రచనల్ని కాపాడే పని మాత్రం ఆయనే చేశాడు.

పదివేల డాలర్ల కథ

నాటకంలో యంగర్ కుటుంబం షికాగో దక్షిణాన ఇరుకు ఫ్లాటులో ఉంటుంది. తల్లి లీనా, కొడుకు వాల్టర్, కోడలు రూత్, కూతురు బెనీథా, మనవడు ట్రావిస్. వాల్టర్ ఒక తెల్ల ధనికుడి దగ్గర డ్రైవరు. రూత్ వేరేవాళ్ల ఇళ్లలో పని చేస్తుంది. పిల్లాడు హాల్లో సోఫా మీద పడుకుంటాడు. బాత్‌రూమ్ పక్కవాళ్లతో కలిపి వాడుకోవాలి. జీవితాంతం కష్టపడి చనిపోయిన తండ్రి ఇన్సూరెన్స్ డబ్బు పదివేల డాలర్లు రాబోతున్నాయి. ఆ డబ్బు చుట్టూనే ఇంట్లో గొడవంతా.

వాల్టర్‌కు స్నేహితులతో కలిసి మద్యం షాపు పెట్టాలని ఉంది. దైవభక్తి గల తల్లికి ఆ వ్యాపారం పేరెత్తితేనే మంట. బెనీథాకు డాక్టరు చదవాలని ఆశ. లీనా 3,500 డాలర్లు బయానా కట్టి ఇల్లు కొంటుంది. అది తెల్లవాళ్లుండే క్లైబోర్న్ పార్కులో. తెల్లవాళ్లను రెచ్చగొట్టాలని కాదు. నల్లవాళ్ల కోసమని దూరంగా కట్టిన ఇళ్లకు రెట్టింపు ధర చెబుతున్నారు, తన దగ్గరున్న డబ్బుకు వచ్చింది ఇదొక్కటే. పైన చెప్పిన గిరాకీ, సరఫరా లెక్క ఇక్కడ లీనా నోట తేటగా వస్తుంది.

మిగిలిన 6,500 కొడుకు చేతికిస్తుంది. అందులో 3,000 చెల్లెలి చదువుకు దాచమంటుంది. వాల్టర్ మొత్తం వ్యాపారంలో పెడతాడు. భాగస్వామి డబ్బుతో పారిపోతాడు. సరిగ్గా అప్పుడే క్లైబోర్న్ పార్కు సంఘం తరఫున లిండ్నర్ అనే పెద్దమనిషి వస్తాడు. అరవడు, తిట్టడు. చాలా మర్యాదగా మాట్లాడతాడు. మీరు రాకుండా ఉంటే కొన్న ధర కంటే ఎక్కువిచ్చి ఇల్లు మేమే తీసుకుంటామంటాడు. సర్వం పోగొట్టుకున్న వాల్టర్ మొదట ఒప్పుకోవడానికి సిద్ధపడతాడు. చివరికి కన్నకొడుకు చూస్తుండగా ఆ డబ్బు వద్దని చెప్పేస్తాడు. డబ్బు పోయింది, ఇజ్జత్ నిలిచింది. కుటుంబం సామాను సర్దుకుని కొత్త ఇంటికి బయలుదేరుతుంది. అక్కడితో నాటకం అయిపోతుంది.

దీన్ని సుఖాంతం అనుకున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కొత్త ఇంట్లో ఏం జరుగుతుందో లొరైన్‌కు బాగా తెలుసు. ఆ సిమెంటు పెళ్ల ఆమె పక్క నుంచే పోయింది.

1950ల షికాగో ఎలా ఉండేదంటే

నాటకం కల్పన అనుకోవడానికి లేదు. 1951లో షికాగోను ఆనుకుని ఉన్న సిసరో పట్టణంలో ఒక నల్లజాతి బస్సు డ్రైవరు కుటుంబం ఫ్లాటు అద్దెకు తీసుకుంది. వేలమంది గుంపు ఆ బిల్డింగు మీద పడింది. సామాన్లు కిటికీల్లోంచి కిందకి విసిరి తగలబెట్టారు. అదుపు చేయడానికి గవర్నరు సైనిక దళాన్ని దించాల్సి వచ్చింది. 1953లో ట్రంబుల్ పార్కులో ప్రభుత్వ గృహాల్లోకి నల్లజాతి కుటుంబం దిగితే దాడులు ఏళ్ల తరబడి సాగాయి.

దాడి లేనిచోట బ్యాంకు ఉండేది. ఇళ్ల రుణాలకు గ్యారంటీ ఇవ్వడానికి 1934లో కేంద్ర ప్రభుత్వం ఒక సంస్థ పెట్టింది. నల్లవాళ్లుండే, కలిసి ఉండే పేటలను అది రిస్కు కింద లెక్కగట్టింది. మ్యాపుల మీద ఆ పేటలకు ఎర్ర రంగు పడింది. అక్కడ బ్యాంకు రుణం పుట్టదు. మరి నల్లవాళ్లు ఇల్లెలా కొనాలి? దళారులు తెల్లవాళ్లను భయపెట్టి ఇళ్లు చవగ్గా కొనేసి, వాటినే చాలా ఎక్కువ ధరకు నల్లవాళ్లకు వాయిదాల మీద అమ్మేవాళ్లు. ఆఖరి వాయిదా కట్టేదాకా ఇల్లు దళారి పేరు మీదే ఉంటుంది. మధ్యలో ఒక్క వాయిదా తప్పినా ఇల్లూ పోతుంది, అప్పటిదాకా కట్టిందీ పోతుంది. అద్దెకున్నవాడికి ఉండే వెసులుబాటు లేదు, యజమానికి ఉండే హక్కు లేదు. ఒక తరం కష్టార్జితం ఇలా కరిగిపోయింది.

బ్రాడ్‌వే, ఆ తర్వాత

నల్లవాళ్ల ఇంటి కథ చూడ్డానికి ఎవరొస్తారని పెట్టుబడిదారులు వెనకాడారు. నిర్మాత ఫిలిప్ రోజ్ ఏడాదికి పైగా తిరిగి చిన్న చిన్న మొత్తాలు పోగుచేశాడు. దర్శకుడు లాయిడ్ రిచర్డ్స్ నల్లజాతి వాడు. వాల్టర్‌గా సిడ్నీ పోయిటియే, రూత్‌గా రూబీ డీ, లీనాగా క్లాడియా మెక్‌నీల్ నటించారు. ఫిలడెల్ఫియాలో ముందస్తు ప్రదర్శన జరిగినప్పుడు ఎఫ్‌బీఐ మనిషి వచ్చి కూర్చుని చూశాడు. కమ్యూనిస్టు ప్రచారం ఉందేమోనని వాళ్ల అనుమానం. అలాంటిదేమీ లేదని రిపోర్టు రాసుకున్నా, ఆమె మీద నిఘా మాత్రం ఆగలేదు.

బ్రాడ్‌వేలో నాటకం 530 ప్రదర్శనలు ఆడింది. అంతకుముందు ఆ థియేటర్ల గడప తొక్కని నల్లజాతి కుటుంబాలు టికెట్టు కొని వచ్చాయి. న్యూయార్క్ నాటక విమర్శకుల సంఘం ఆ ఏడాది ఉత్తమ నాటకం అవార్డు లొరైన్‌కే ఇచ్చింది. ఆ అవార్డు అందుకున్న నల్లజాతి రచయితల్లో ఆమే మొదటిది, అమెరికన్లలో అందరికంటే చిన్నది. 1961లో సినిమాగా కూడా వచ్చింది. పేరు ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ అని పెట్టడానికి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ కవిత ఒకటి ఆధారం.

పేరొచ్చాక ఆమె ఇంట్లో కూర్చోలేదు. టీవీ కోసం బానిసత్వం మీద నాటకం రాసిచ్చింది, ఛానెల్ దాన్ని పక్కన పడేసింది. 1963 మేలో రచయిత జేమ్స్ బాల్డ్‌విన్ తదితరులతో కలిసి అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీని కలిసింది. దక్షిణాన దెబ్బలు తిన్న ఒక యువకుడి గోడు ఆయన పట్టించుకోవడం లేదనిపించి, ముఖం మీదే చెప్పి బయటికి నడిచింది. విద్యార్థి ఉద్యమం కోసం 1964లో ఒక ఫొటో పుస్తకానికి వ్యాసం రాసింది.

అప్పటికే క్యాన్సర్ ఆమెను తినేస్తోంది. రెండో నాటకం 1964 అక్టోబర్‌లో మొదలై 101 ప్రదర్శనలతో ముగిసింది. 1965 జనవరి 12న లొరైన్ కన్నుమూసింది. వయసు 34 మాత్రమే. హార్లెమ్‌లో జరిగిన అంత్యక్రియలకు మంచు తుపానులో కూడా వందలమంది వచ్చారు. పాల్ రోబ్సన్ నివాళి అర్పించాడు. ఆ జనంలో మాల్కం ఎక్స్ కూడా ఉన్నాడు. ఇద్దరి పుట్టినరోజూ మే 19 కావడం యాదృచ్ఛికం, ఆయన ఐదేళ్లు పెద్ద. హజ్ చేసి వచ్చి ఏడాది కూడా నిండకముందే, లొరైన్ పోయిన 40 రోజులకు, ఫిబ్రవరి 21న ఆయన్నూ తుపాకీ గుండ్లు బలి తీసుకున్నాయి.

చట్టం వచ్చింది, గోడలు కొన్ని మిగిలాయి

లొరైన్ పోయిన మరుసటి ఏడాది మార్టిన్ లూథర్ కింగ్ ఇళ్ల వివక్ష మీద పోరాటానికి షికాగో వచ్చాడు. ఊరేగింపులో ఆయన తలకు రాయి తగిలింది. 1968 ఏప్రిల్ 4న ఆయన హత్య జరిగిన వారం రోజులకు, ఇళ్ల అమ్మకంలో, అద్దెలో జాతి, మతం చూడడాన్ని నిషేధిస్తూ అమెరికాలో చట్టం వచ్చింది. హాన్స్‌బెరీలు ఇల్లు కొన్న 31 ఏళ్ల తర్వాత అన్నమాట. ఆ రోడ్స్ అవెన్యూ ఇంటిని 2010లో షికాగో నగరం చారిత్రక కట్టడంగా ప్రకటించింది. ఒకప్పుడు సిమెంటు పెళ్లలు విసిరిన ఇల్లు ఇప్పుడు ఊరికి గర్వకారణం.

ఈ కథ మన పాఠకులకు కొత్తగా అనిపించదు. పట్టణంలో అద్దె ఇంటి కోసం తిరిగి, పేరు చెప్పగానే ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశామన్న జవాబు విన్న కుటుంబాలు మనలో ఎన్నో. చెప్పేవాళ్లు చాలాసార్లు లిండ్నర్ లాగే మర్యాదగా చెబుతారు. అందుకే దాన్ని వివక్ష అనడానికి మనకే నోరు రాదు. మన దేశంలో 2005లో గుజరాత్‌లోని ఒక పార్శీ గృహ సహకార సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమవాళ్లకే పరిమితం చేసుకునే బైలా చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు ఇళ్ల అద్దెలో, అమ్మకంలో మతం చూడకూడదని అమెరికా 1968 చట్టం లాంటి ప్రత్యేక కేంద్ర చట్టం మన దగ్గర ఇంకా లేదు. షికాగో నల్లవాళ్ల చరిత్రా మన చరిత్రా ఒకటి కాదు. వాళ్లు మోసిన బానిసత్వపు బరువు వేరు. అయినా తలుపు ముందు నిలబడి వెనక్కి తిరిగిన మనిషికి ఆ బాధ అర్థమవుతుంది.

హాన్స్‌బెరీ ఇంట్లో ఈ పోరాటాన్ని ముగ్గురు మూడు రకాలుగా చేశారు. తండ్రి కాగితాన్ని కాగితంతో ఎదుర్కొన్నాడు, లాయర్ని పెట్టి పై కోర్టు దాకా వెళ్లాడు. తల్లి పిల్లల ప్రాణాలు కాపాడింది. కూతురు ఆ ఇంటి లోపల ఏం జరుగుతుందో ప్రపంచానికి చూపించింది. తీర్పు ఒక వీధిని తెరిచింది. నాటకం మాత్రం ఆ వీధిలో ఎన్నడూ అడుగుపెట్టని లక్షల మందిని యంగర్ల ఇరుకు హాల్లోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. మన పిల్లల్లో లా చదివేవాళ్లున్నారు, లెక్కలు చదివేవాళ్లున్నారు, కథలు రాసే ఆడపిల్లలూ ఉన్నారు. ముగ్గురి పనీ మనకు కావాలి. చదువు పేరుతో ఒకరిని ప్రోత్సహించి, రాతలెందుకని ఇంకొకరిని ఆపకుండా ఉంటే చాలు.